పులి మూతికి పంది కొవ్వు

నాకు చదువు రాదు. పేరు రాయమంటే మూడు అక్షరాలు వంకరటింకరగా గీస్తాను, అంతే. కానీ తప్పు చేసి దాచుకోవడానికి మా హాంకాంగ్‌లో ఎన్ని మాటలున్నాయో అడగండి, పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా చెబుతాను. ముప్పై ఎనిమిదేళ్లుగా బాతుమెడ వంతెన కింద, రెండో స్తంభం పక్కన చిన్న పీట వేసుకుని జనం శత్రువులను చెప్పుతో కొడుతున్నాను. నిజం మనుషులను కాదులెండి, కాగితం మనుషులను. వచ్చినవాళ్లు ఎవరి మీద కడుపుమంటో చెబుతారు. ఆ కాగితం మనిషిని అల్పుడంటాం, వాణ్ణి ఇటుక మీద పడుకోబెట్టి, పాత చెప్పు తీసుకుని, పీలికలయ్యేదాకా బాదుతాను. చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు నోరు దాచుకోరు కదా, మాటలన్నీ అలా నా చెవిన పడ్డాయి.

ఒకరి తప్పు ఇంకొకరు నెత్తిన వేసుకుంటే చచ్చిన పిల్లిని తిన్నాడంటాం. హోటళ్ల వంటవాళ్లయితే బాణలి వీపున మోస్తున్నాడంటారు. లోపల దొంగపని జరుగుతుంటే సందు చివర నిలబడి పోలీసుల రాక కనిపెట్టేవాడు నీళ్లు చూస్తున్నాడన్నమాట. ఊరొదిలి పారిపోయినవాడు గడ్డి తొడుక్కున్నాడు. గుట్టు రట్టయితే కుండకు చిల్లు పడింది. చేయని నేరం అంటగడితే పచ్చి పందిమాంసం పేర్చారు. వీటన్నిటిలోకీ పాడు పేరు వీపు పొడిచేవాడిది. అంటే చూసింది చూసినట్టు వెళ్లి చెప్పినవాడు. తప్పు చేసినవాణ్ణి కొట్టమని వచ్చేవాళ్లకంటే, దాన్ని బయటపెట్టినవాణ్ణి కొట్టమని వచ్చేవాళ్లు నా దగ్గర మూడింతలు. నేనూ కొట్టాను. తప్పెవరిదని ఏనాడూ అడగలేదు. అడగడం నా పని కాదనుకున్నాను.

మార్చి మొదట్లో పురుగులు నిద్ర లేచే రోజని ఒకటి వస్తుంది. ఆ రోజు తెల్ల పులి కూడా నోరు తెరుస్తుందని మా నమ్మకం. కాగితం పులి మూతికి పచ్చి పంది కొవ్వు రాస్తే కడుపు నిండి నోరు మూసుకుంటుంది, మనిషికి కీడు చేయదు. ఏడాదిలో మాకు అసలు పండగ అదే. జనం ట్రాము పట్టాల దాకా బారులు తీరతారు. రెండో స్తంభం పక్కన చోటు వాన పడినా తడవదు. దాని మీద పక్క పీట మోక్‌కు ఎప్పుడూ కన్నే. నాకంటే పదేళ్లు చిన్నది, చెప్పు కూడా సరిగా పట్టుకోవడం రాదు, నోరు మాత్రం సైరను. కొత్త సంవత్సరం వెళ్లినప్పటినుంచి ఆ చోటు కాపాడుకోవడానికి నేను తెల్లవారకముందే వచ్చి పీట వేసుకుంటాను.

ఆ అలవాటే ఈసారి నా పీకల మీదికి తెచ్చింది. పండగకు నెల ముందు, అప్పుడే వెలుతురు వస్తోంది. స్తంభం వెనక అగరొత్తులు వెలిగిస్తున్నాను. టోఫూ డబ్బాల వ్యాను ఒకటి మలుపు తిరిగి వచ్చి, అట్టపెట్టెలు ఏరుకునే ముసలాయన్ని బండితో సహా గుద్దేసింది. వ్యాను ఆగింది. తోలుతున్న మనిషి దిగాడు. బొద్దుగా, కోటు వేసుకుని, ఎక్కడో రాత్రంతా తాగి వచ్చినట్టు మొహం ఎర్రగా ఉంది. రెండోవైపు నుంచి ఇంకొకాయన దిగాడు, సన్నగా, రబ్బరు బూట్లతో. ఇద్దరూ కిందికి చూశారు. సన్నటాయన ఏదో అన్నాడు, బొద్దాయన్ని మోచెయ్యి పట్టి పక్క సీట్లో కూర్చోబెట్టాడు, తను వెళ్లి స్టీరింగు ముందు కూర్చున్నాడు. వ్యాను వెళ్లిపోయింది. నేను కేకలు వేస్తే వీధి ఊడ్చేవాళ్లు వచ్చి అంబులెన్సుకు ఫోన్ చేశారు. ముసలాయన బతికాడు, తుంటి ఎముక విరిగింది.

పోలీసులు వచ్చి అడిగితే, దేవుడికి దండం పెట్టుకుంటున్నాను, ఏమీ చూడలేదన్నాను. నా పీటకు లైసెన్సు లేదు, వాళ్లతో మాట పెరిగితే పీట లేపేస్తారని భయం. ఆ భయం సగమే. ఇన్నేళ్లు వీపు పొడిచేవాళ్ల తలలు పగలగొట్టిన చెయ్యి ఇది, ఆ పేరు నాకెందుకని మిగతా సగం. రెండు రోజుల తర్వాత పోలీసులు నా స్తంభానికే పసుపు బోర్డు కట్టి వెళ్లారు. ప్రమాదం చూసినవాళ్లు వచ్చి చెప్పాలని రాసి ఉందని మోక్ చదివి వినిపించింది. ఆ బోర్డుకున్న కొక్కేనికి నా అగరొత్తుల సంచి తగిలించుకున్నాను. సిగ్గు లేకుండా నెల రోజులు తగిలించుకున్నాను.

పురుగుల రోజు పొద్దున్నే వరసలో మొదట నిలబడింది యాభై దాటిన ఒక ఆడమనిషి. పేరు సుక్ హింగ్. నారింజలు, రవ్వంత కాల్చిన మాంసం, అన్నీ పద్ధతిగా తెచ్చుకుంది. ఎవరిని కొట్టాలమ్మా అంటే ఎవరినీ వద్దంది. ఉత్త పెద్దమనిషి కాగితం కాల్చమంది.

కొట్టడం అయ్యాక చివర్లో కాల్చే ఆకుపచ్చ కాగితం అది. ఆపదలో మేలు చేసే పెద్దమనిషి ఎదురుపడాలని మొక్కుకుంటూ కాలుస్తాం. భోజనం మానేసి చివర్లో ఇచ్చే పండు ఒక్కటే పెట్టమన్నట్టుంది ఈవిడ వరస. సంగతేమిటని గుచ్చి గుచ్చి అడిగాను.

ఆమె మొగుడు పాక్ షింగ్, సెక్ అనే ఆయన టోఫూ దుకాణంలో డబ్బాలు మోస్తాడట. వయసులో ఉన్నప్పుడు ఏదో గొడవలో ఇరుక్కుని జైలుకు వెళ్లొచ్చాడు. బయటికి వచ్చాక ఎవరూ గుమ్మం తొక్కనివ్వకపోతే సెక్ ఒక్కడే పని ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ల కిందటి మాట. నెల కిందట ఇదే వంతెన దగ్గర వ్యాను ఒకరిని గుద్దితే, తోలింది నేనేనని పాక్ షింగ్ వెళ్లి పోలీసులకు చెప్పాడు. అందాకా బెయిలు మీద బయటున్నాడు, గురువారం కోర్టు. గుద్ది ఆగకుండా పోయాడు, పైగా పాత జైలు, ఈసారి ఏళ్లకేళ్లు పడుతుందని లాయరు చెప్పాడు.

నా చేతిలో అగ్గిపుల్ల వేళ్ల దాకా కాలింది.

"ఆయనకు ఎడమకంట్లో పొర కమ్మి రెండేళ్లయిందవ్వా. బండి తాళం ముట్టుకోడు. చచ్చిన పిల్లిని తింటున్నాడని నాకు తెలుసు. అడిగితే నన్నే కసురుతున్నాడు."

"తోలిందెవరో కూడా తెలుసన్నమాట. పేరు చెప్పు, నాలుగు దెబ్బలు ఎక్కువే వేస్తాను. డబ్బులు కూడా అక్కర్లేదు."

ఆమె చాలాసేపు నారింజలు సర్దింది. "మాకు అన్నం పెట్టిన చెయ్యవ్వా అది. దాన్ని కొట్టించలేను. దారి చూపించే పెద్దమనిషి ఎవరైనా ఉంటే పంపమని అడగండి, చాలు."

వెనక వరసలోవాళ్లు తొందర చేస్తున్నారు. ఆకుపచ్చ కాగితం కాల్చాను. చివర్లో రెండు చెక్క పలకలు వేస్తాం, నెలవంక ఆకారంలో ఉంటాయి. ఒకటి వెల్లకిలా ఒకటి బోర్లా పడితే దేవుడు సరేనన్నట్టు. ఇన్నేళ్ల చెయ్యి కదా, వాటిని ఎలా పడాలంటే అలా పడేయగలను. గిరాకీ ఎక్కువున్న రోజు పలకలు నా మాట వింటాయి, దేవుడి మాట కాదు. అప్పుడు మాత్రం కాలిన వేళ్ల పట్టు తప్పి పలకలు వాటంతటవే జారాయి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా. సుక్ హింగ్ మొహం వెలిగిపోయింది. అవ్వా మీ చెయ్యి చల్లనిది అని రెండుసార్లు దండం పెట్టి వెళ్లింది. నాకు తల తీసేసినట్టయింది. ఆవిడ వెతుకుతున్న మనిషి ఎదురుగా పీట మీద కూర్చుని ఆవిడ నారింజ వలుచుకుంటోంది.

మధ్యాహ్నం దాకా ఎవరెవరిని కొట్టానో గుర్తు లేదు. ఒక బ్యాంకు పిల్ల తన మేనేజరును కొట్టమంది, కొట్టాను. పిల్ల వెళ్లాక ఎదురుగా స్టూలు మీద కూర్చున్నవాణ్ణి చూసి చెప్పు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. కోటు లేదు, మొహం ఎర్రగా లేదు, నెలలోనే సగమయ్యాడు. కానీ వాడే. సెక్.

నన్ను చూడనేలేదు. జనం నా చెప్పును చూస్తారు, నన్నెవరు చూస్తారు. గొంతు తగ్గించి, పేరు తెలియని మనిషిని కొట్టవచ్చా అని అడిగాడు. కొట్టవచ్చన్నాను. ఇక్కడ ఒక ప్రమాదం జరిగిందనీ, ఆ పొద్దున వంతెన కింద ఎవరో ఉన్నట్టు అనుమానమనీ, ఆ బోర్డు చూసి వాళ్లెక్కడ వెళ్లి చెబుతారోనని నిద్ర పట్టడం లేదనీ అన్నాడు.

"గురువారం దాటేదాకా ఆ మనిషి నోరు పెగలకూడదు. పులికి కొవ్వు కాస్త దట్టంగా రాయండి."

ఏం చేస్తాం, పని పనే. కాగితం అల్పుణ్ణి ఇటుక మీద పెట్టాను. చెప్పు ఎత్తాను. తల మీద కొడితే తల తిరగాలి, నోటి మీద కొడితే పళ్లు రాలాలి, కాలి మీద కొడితే గడప దాటకూడదు, ఇలా సాగుతుంది నా పాట. మొదటి దెబ్బకే నా కణత జివ్వుమంది. రెండోది నోటి మీద వేస్తే, నిజం చెబుతున్నాను, మిగిలిన ఏడు పళ్లూ కదిలాయి. నా తలను నా చెప్పుతో నేనే పగలగొట్టుకుంటూ పైగా వాడి దగ్గర యాభై డాలర్లు తీసుకోబోతున్నాను. ఒకే రోజు, ఒకే పీట దగ్గర, పొద్దున ఒకరికి నేను పెద్దమనిషిని, మధ్యాహ్నం ఒకరికి అల్పురాలిని. రెండూ ఎలా అవుతాను? ఒళ్లు మండిపోయింది. వాడి మీద కొంత, నా మీదే ఎక్కువ.

కొవ్వు రాయకుండా పక్కన పెట్టి పలకలు వేశాను. రెండూ బోర్లా పడ్డాయి. మళ్లీ వేశాను, మళ్లీ బోర్లా. మూడోసారీ అంతే. ఈసారి పట్టు తప్పలేదు, కావాలనే వేశాను.

సెక్ మెడ మీద చెమట కారింది. ఎందుకలా పడుతున్నాయని అడిగాడు.

"పేరు లేకపోతే ఇంతే. నాకు తెలుసు ఆ పేరు. రాసుకో. క్వోక్ సామ్ మూయ్."

గబగబా పెన్ను తీసి నా కాగితం మీదే రాశాడు. ఎవరీవిడ, ఎక్కడుంటుందని అడిగాడు.

"నేనే."

పెన్ను కాగితం మీద అలాగే ఆగింది. పైన బస్సులు పోతున్నాయి, పక్కన మోక్ ఎవరినో తిట్టి పోస్తోంది. సెక్ చెయ్యి చొక్కా జేబు వైపు వెళ్లింది. అవ్వా, టీ తాగడానికి ఏమైనా, అని సణిగాడు. నోరు మూయించే డబ్బుకు మా దగ్గర మర్యాదైన పేరు అది. జేబులోంచి చెయ్యి తియ్యమన్నాను. తీశాడు.

"పొద్దున సుక్ హింగ్ వచ్చింది," అన్నాను.

తల వంచుకున్నాడు. "నన్ను కొట్టమందా?"

"లేదు. తోలినవాడి పేరు చెప్పమని నేనే అడిగాను. చెప్పలేదు. అన్నం పెట్టిన చెయ్యట, కొట్టించలేదట."

తిట్టినా, శపించినా, పోలీసులను పిలిచినా వాడు తట్టుకునేవాడే. ఈ మాటకు మాత్రం స్టూలు మీద ముందుకు ఒరిగిపోయాడు. రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. వరసలో నిలబడ్డ బ్యాగుల ఆడవాళ్లు ఇదేదో బాగా పనిచేసే పీటని మెచ్చుకోలుగా చూశారు.

"పాక్ షింగే అన్నాడవ్వా, బాస్ మీరిటు కూర్చోండి అని. నేను వద్దనలేదు. వద్దు అనడానికి ఎంతసేపు పడుతుంది? అప్పటినుంచి రోజూ అదే అనుకుంటున్నాను. రోజూ దుకాణం తెరుస్తున్నాను, వాడు డబ్బాలెత్తుతున్నాడు, నా కళ్లలోకి చూసి నవ్వుతున్నాడు."

నాకు జాలి వేసింది. వెయ్యకూడదనుకున్నా వేసింది. ఎందుకంటే వాడు నోరు మూసుకున్నన్ని రోజులూ నేనూ మూసుకున్నాను, వాడికి నాకంటే పెద్ద కారణమే ఉంది. వాడికి జైలు భయం. నాకు పోతే పీట.

లేచి చెప్పు సంచిలో వేసుకున్నాను. "స్టేషను ఇక్కడికి మూడు వీధులు. నేను వెళుతున్నాను. ముందొస్తావో వెనకొస్తావో నీ ఇష్టం."

వరసలో గోల లేచింది. ఏడాదికొక్క రోజు, రెండు గంటల నుంచి నిలబడ్డాం, ఇదేం న్యాయమని ఒకావిడ నన్నే కొట్టేలా ఉంది. మోక్‌ను పిలిచి, ఇటు జరిగి కూర్చో, వీళ్లందరినీ చూడు అన్నాను. మోక్ నోరు తెరిచి మాట రాకుండా నిలబడడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఒంట్లో బాగాలేదా అక్కా అని అడిగింది. ఇప్పుడిప్పుడే బాగవుతోందన్నాను.

సెక్ వెనకే వచ్చాడు. మొదటి వీధి చివర ఆగాడు. రెండో వీధిలో ఒక టీ దుకాణం ముందు మళ్లీ ఆగాడు. కాళ్లు నొప్పులా అని కసిరితే, భోజనాల వేళ కదా, ఇప్పుడు వెళితే అక్కడ ఎవరైనా ఉంటారా అన్నాడు. ఉంటారు నాయనా, పోలీసులు తిండి మాని ఎదురుచూసే గిరాకీవి నువ్వు, నడు అన్నాను. ఏడుపు మొహంతోనే కాస్త నవ్వాడు. మూడో వీధిలో అతనే నాకంటే ముందు నడిచాడు.

లోపల కౌంటరు వెనక కుర్ర పోలీసు కూర్చుని ఉన్నాడు. నేను మాట్లాడకుండా వెళ్లి గోడ పక్క బెంచీ మీద కూర్చున్నాను. ముందు నేను నోరు విప్పితే సెక్ దొరికిపోయినవాడవుతాడు. అతను విప్పితే తనంతట తాను వచ్చినవాడవుతాడు. అంత తేడా ఉన్నప్పుడు ఆ మాత్రం ఆగవచ్చు.

జేబులోంచి తాళాల గుత్తి తీసి ముందు నా దగ్గరికి వచ్చాడు. దుకాణం తాళాలు సుక్ హింగ్‌కు ఇమ్మన్నాడు. సాయంత్రం ఆరింటికి సోయా గింజలు నానబెట్టకపోతే రేపు టోఫూ ఉండదు. పాక్ షింగ్‌కు కొలత తెలుసు, రేపటినుంచి దుకాణం వాళ్లిద్దరే నడపాలి, నేనొచ్చేదాకా అని చెప్పమన్నాడు. తర్వాత కౌంటరు దగ్గరికి వెళ్లి, వంతెన దగ్గర వ్యాను నడిపింది నేను, తాగి నడిపాను, ఆగలేదు అని చెప్పాడు. మాట ఎక్కడా వంకర పోలేదు.

కుర్రవాడు ఉలిక్కిపడి పై అధికారిని పిలిచాడు. ఆయన వచ్చి, మరి ఆ పనివాడు వచ్చి ఒప్పుకున్నాడే, వాడెందుకు చచ్చిన పిల్లిని తిన్నాడని అడిగాడు.

"వాడు తినలేదు సార్," అన్నాడు సెక్. "నేనే తినిపించాను."

అధికారి అతనికి కుర్చీ చూపించి, రాయడం మొదలుపెట్టాడు. గంట పైనే పట్టింది. రాసింది పైకి చదివి వినిపించాడు, సెక్ ప్రతి పేజీ కిందా సంతకం పెట్టాడు. పాక్ షింగ్‌ను కూడా పిలిపిస్తామనీ, అబద్ధం చెప్పినందుకు అతనికీ చీవాట్లు తప్పవనీ, అయినా గురువారం కేసు ఇక ఆ దారిన పోదనీ అధికారి చెప్పాడు. సెక్ వీపు కాస్త నిటారయింది. నెల రోజుల్లో ఆ మనిషి ఊపిరి నిండా పీల్చడం అప్పుడే అయి ఉంటుంది.

కుర్ర పోలీసు కాగితాలు సర్దుకుంటూ నా వైపు చూశాడు. "అవ్వా, మీరు ఆయనకు తోడొచ్చారా?"

అవునంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలియదు. ఉన్నదంతా సెక్ చెప్పేశాడు, నా మాటతో కొత్తగా ఒరిగేదేమీ లేదు. తాళాలు పట్టుకుని వెళ్లి, పొద్దున వచ్చిన ఆడమనిషి చేతిలో పెట్టి, మళ్లీ ఒక దండం అందుకోవచ్చు. ఆ దండం అందుకునే మొహం నాకు లేదు. లేచి కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"నాదీ ఒక కాగితం రాయి నాయనా. ఆ పొద్దున నేను స్తంభం వెనకే ఉన్నాను. అంతా చూశాను. మీరొచ్చి అడిగితే చూడలేదన్నాను."

అతను కొత్త కాగితం తీసి, పేరు అడిగాడు.